సుందరయ్య: సైకిల్ దగ్గరే ఆగిపోతున్న జ్ఞాపకం

పుచ్చలపల్లి సుందరయ్య పేరెత్తగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది సైకిల్. పార్లమెంటు సభ్యుడై ఉండి సభకు సైకిల్ మీద వెళ్లారని, పేరు చివరి 'రెడ్డి'ని తీసేశారని, వాటాకొచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారని, పిల్లలుంటే మనసు అటు లాగుతుందని భార్యాభర్తలిద్దరూ సంతానమే వద్దనుకున్నారని చెప్పుకుంటాం. ఏటా మే నెలలో ఆయన జయంతికీ వర్ధంతికీ ఇవే మాటలు వేదికల మీద వినిపిస్తాయి. చెప్పేవాళ్లలో ఆయన రాజకీయం గిట్టనివాళ్లు కూడా ఉంటారు. ఈ రోజుల నాయకుల కార్లనూ కాంట్రాక్టులనూ తిట్టుకోవడానికి సుందరయ్య అందరికీ పనికొస్తారు.

ఇవేవీ అబద్ధాలు కావు. అయితే నిరాడంబరతను ఆయన గొప్పగా లెక్కేసుకున్న దాఖలా ఎక్కడా లేదు. విప్లవం కోసం పనిచేసేవాడు అలా ఉండక ఇంకెలా ఉంటాడన్నట్టే బతికారు. ఆయన జీవితమంతా నడిచింది వేరే ప్రశ్నల చుట్టూ: భూమి ఎవరి చేతిలో ఉండాలి, దున్నేవాడికీ కూలికీ మధ్య గొడవ వస్తే పార్టీ ఎటు నిలబడాలి, పార్టీ దారి తప్పుతోందనిపిస్తే లోపలివాడు ఏం చేయాలి. ఈ ప్రశ్నలకు ఆయనిచ్చిన జవాబుల్లో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఏవి నిలిచాయో తేల్చుకోకుండా చేతులు జోడించి పక్కకు తప్పుకోవడం ఆయనకు మనం చేస్తున్న అన్యాయం అని నా అభిప్రాయం.

1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో, బాగా కలిగిన భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతుండగా 1930 శాసనోల్లంఘన వచ్చింది. చదువు వదిలేసి జైలుకు వెళ్లారు. అప్పటికి పదిహేడేళ్లు. వయసు చాలదని బాలనేరస్తుల బోర్‌స్టల్ పాఠశాలలో పెట్టారు. గాంధీ బాటలో బయల్దేరిన ఆ కుర్రాణ్ణి కమ్యూనిజం వైపు తిప్పింది అమీర్ హైదర్ ఖాన్. రావల్పిండి ప్రాంతం మనిషి, ఓడల్లో పనిచేస్తూ లోకమంతా చూసినవాడు, మీరట్ కుట్ర కేసులో పోలీసులకు చిక్కకుండా మద్రాసులో తలదాచుకుని కార్మికుల్లో పనిచేస్తున్నవాడు. 1932లో ఆయన్ను పట్టుకుపోయేనాటికి దక్షిణాదిలో ఒక చిన్న బృందం తయారైంది. సుందరయ్య అందులోనివారు. 1934లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. నిషేధంలో ఉన్న ఆ పార్టీ కోసమే ఆయన ఆంధ్రలోనూ, తమిళనాడులోనూ, కేరళలోనూ తిరిగారు. కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో పనిచేస్తున్న పి. కృష్ణపిళ్లై, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ వంటివారిని కమ్యూనిస్టు ఉద్యమంలోకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. కేరళలో ఆ పార్టీకి పునాది పడిన కథ చెప్పాలంటే ఒక తెలుగువాడి పేరు చెప్పక తప్పదు. ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు.

దేశం తిరిగిన ఈ కథ కంటే అలగానిపాడు కథ నాకు ముఖ్యంగా తోస్తుంది. ఆంధ్రలో అప్పటికి రైతు ఉద్యమం ఉంది. ఎన్.జి. రంగా నాయకత్వంలో జమీందారీలకు వ్యతిరేకంగా బలంగానే సాగింది. కానీ నెల్లూరులాంటి రైత్వారీ ప్రాంతంలో సర్కారుకు నేరుగా పన్ను కట్టే రైతే ఊళ్లో పెద్ద ఆసామి. అతని పొలంలో పనిచేసే కూలి మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో వస్తాడు. ఆ కూలికి జమీందారు కంటే ముందు కనబడే యజమాని ఈ రైతే. సుందరయ్య సొంత ఊళ్లో మొదలుపెట్టింది ఈ కూలీల సంఘమే. దళితులకు రాత్రిబడి పెట్టారు, గ్రంథాలయం నడిపారు, అంటరానితనాన్ని ఎదిరించారు. కూలి పెంచమని అడగాల్సింది ఎవర్ని? తన బంధువుల్నే, తన ఇంటివాళ్లనే. పేరు చివర కులాన్ని తీసేయడం ఈ పని పక్కన పెట్టి చూస్తే ఒక లాంఛనంగా కనిపిస్తుంది, ఈ పనితో కలిపి చూస్తే దాని అర్థం బోధపడుతుంది. ఆంధ్రదేశంలో వ్యవసాయ కూలీలను విడిగా సంఘంగా కట్టిన తొలి ప్రయత్నాల్లో అలగానిపాడు ఒకటి.

ఇక్కడ ఒక పాత వాదాన్ని ప్రస్తావించాలి. 1956లో అమెరికన్ రాజనీతి శాస్త్ర పత్రికలో సెలిగ్ హారిసన్ ఆంధ్ర కమ్యూనిస్టుల మీద ఒక వ్యాసం రాశాడు. డెల్టాలో కమ్యూనిస్టు పార్టీ బలం ప్రధానంగా కమ్మ రైతుల బలమని, కాంగ్రెస్‌లో రెడ్ల ఆధిపత్యానికి అది ఎదురు నిలిచిందని అతని వాదన. ఆ వ్యాసం తర్వాత దశాబ్దాల తరబడి పరిశోధకుల చర్చల్లో నలిగింది. నాయకత్వంలో కమ్మవారు ఎక్కువ మంది ఉన్న మాట నిజం. ఆ లెక్కలో రెడ్డి కుటుంబం నుంచి వచ్చి కులాన్ని విడిచిన సుందరయ్య ఇమడరు. రావి నారాయణరెడ్డి, తరిమెల నాగిరెడ్డి, తెలంగాణ గూడేల్లో తుపాకి పట్టిన వెనుకబడిన కులాల యువకులు కూడా ఇమడరు. అయినా హారిసన్ వేసిన ప్రశ్న ఊరికే పోలేదు. మధ్యతరగతి రైతుల మద్దతుతో పెరిగిన పార్టీ, అదే రైతుల పొలాల్లో కూలి పెంచమని ఎంత గట్టిగా అడగగలదు? అలగానిపాడులో ఒక యువకుడు సొంత ఇంటిని ఎదిరించి అడిగాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పార్టీ మొత్తంగా ఆ పని అంత తెగువతో చేసిందా? చేయలేదనే నేను అనుకుంటాను. కులాన్ని వర్గం చర్చలోనే పరిష్కరించవచ్చన్న నమ్మకం ఆ తరం మొత్తానికీ ఉంది, సుందరయ్యకూ ఉంది. అంటరానితనంపై ఆయన వ్యక్తిగతంగా రాజీ పడలేదు. కులాన్ని ఒక విడి రాజకీయ సమస్యగా పార్టీ సిద్ధాంతంలోకి మాత్రం తేలేదు. ఆ లోటు తర్వాత దళిత ఉద్యమాలు వామపక్షాలను నిలదీసిన రోజుల్లో బయటపడింది.

తెలంగాణ సాయుధ పోరాటం గురించి చాలా పుస్తకాలు వచ్చాయి. సుందరయ్య 1972లో రాసిన 'వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు' వాటిలో అన్నిటికంటే విస్తృతమైనది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం అడ్డుపడిన ఘటన, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన రోజు, రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరులో సైన్యం రాక, 1951 అక్టోబరులో విరమణ అన్నీ అందులో ఉన్నాయి. ఆయన లెక్క ప్రకారం 16,000 చదరపు మైళ్లలో సుమారు 3,000 గ్రామాలు, 30 లక్షల జనం గ్రామరాజ్యాల కింద ఉన్నారు. 10 లక్షల ఎకరాలు పంచారు. 4,000 మంది కమ్యూనిస్టులూ రైతు యోధులూ ప్రాణాలిచ్చారు. ఇవి పార్టీ లెక్కలే. అయినా వెట్టిచాకిరీ ఆగిపోయిందనీ, నాగళ్లు పట్టినవాళ్లు భూమి దక్కించుకున్నారనీ ఆ పోరాటాన్ని ఇష్టపడని చరిత్రకారులు కూడా ఒప్పుకున్నారు.

ఆ పుస్తకంలో నన్ను ఆపేసిన భాగం భూపరిమితి చర్చ. దొరల భూమి పంచాలంటే ఎన్ని ఎకరాల పైన ఉన్నది తీసుకోవాలి? మొదట 500 ఎకరాలు అన్నారు. తర్వాత 200కు దించారు. చివరికి మెట్ట 100, మాగాణి 10 ఎకరాల దగ్గర నిలబెట్టారు. ఈ అంకెలు ఒక గదిలో కూర్చుని వేసినవి కావు. 500 దగ్గర ఆగితే ఊళ్లో పంచడానికి పెద్దగా మిగలదని, మరీ కిందికి దిగితే మధ్యరకం రైతు దొరల వైపు పోతాడని ఊరూరా ఎదురైన ఇబ్బందుల్లోంచి పుట్టినవి. పంచిన భూమిలో ముందు వచ్చింది బంచరాయి, ప్రభుత్వ భూమి, అడవి భూమి, తాకట్టు పేరుతో దొరలు లాక్కున్న పట్టాలు. పోరాటం అంటే తుపాకి చప్పుడే గుర్తొచ్చే మనకు, ఒక ఊళ్లో ఎవరి చేను ఎవరికి చేర్చాలో తేల్చుకున్న ఈ కష్టం కూడా గుర్తుండాలి. సుందరయ్య దీన్ని దాచకుండా రాశారు, తప్పులు దొర్లిన చోట తప్పులనే రాశారు.

1948 సెప్టెంబరు తర్వాత పోరాటం కొనసాగించడం సరైనదేనా అన్న దగ్గరే అసలు తగువు. రావి నారాయణరెడ్డి నిజాం పోయాక ఆపేయాల్సిందని చివరిదాకా అన్నారు. 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లిన నాయకుడి మాట అది, తేలిగ్గా తీసిపారేయలేం. దేవులపల్లి వెంకటేశ్వరరావు 'తెలంగాణ ప్రజల సాయుధ పోరాట చరిత్ర'లో దానికి పూర్తిగా అటు చివరన నిలబడ్డారు. ఆయన దృష్టిలో విరమణే ద్రోహం. సుందరయ్య మధ్యలో ఉన్నారు. సైన్యం వెంట తిరిగొచ్చిన దొరలు పంచిన భూమిని వెనక్కి గుంజుకుంటుంటే చేతులు కట్టుకుని కూర్చోలేకపోయామని, ఆ కొనసాగింపు భూమిని కాపాడుకునే పోరాటమని ఆయన వాదన. నాకు ఈ వాదనలో బలం కనిపిస్తుంది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భూదానం, ఇవన్నీ ఆ ఒత్తిడిలోంచే వచ్చాయి. బలహీనత కూడా అక్కడే ఉంది. ఎంతకాలం, ఏ బలంతో, ఏ షరతు మీద ఆపాలన్న లెక్క నాయకత్వం ముందుగా వేసుకోలేదు. ఆంధ్ర నాయకులకూ నాటి పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివేకూ మధ్య 1948-50లో నడిచిన సిద్ధాంత తగువులు, ఆపైన నాయకత్వం మాస్కో వెళ్లి సలహా అడగడం, చివరికి విరమణ. ఈ కాలమంతా గూడేల్లో ఉన్న గెరిల్లాలకు పై నుంచి వచ్చిన ఆదేశాలు మారిపోతూ ఉన్నాయి. ఆ నష్టం వాళ్లే మోశారు.

సుందరయ్య పుస్తకంలో మహిళలకు ఒక అధ్యాయం ఉంది. ఆనాటి పార్టీ చరిత్రల్లో అది అరుదు. దళాల్లోని స్త్రీ పురుష సంబంధాల గురించీ, వాటి మీద నాయకత్వం తీసుకున్న నిర్ణయాల గురించీ దాపరికం లేకుండానే రాశారు. కానీ రాసిన కన్ను నాయకత్వానిదే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చాక అదే కాలం ఇంకో గొంతులో వినిపించింది. ఉద్యమం సాగినన్నాళ్లూ తుపాకీ పట్టి, కబుర్లు మోసి, ఇల్లూ పిల్లల్నీ వదిలి తిరిగిన ఆడవాళ్లు, విరమణ తర్వాత తమను ఇళ్లకు పొమ్మన్న తీరు గురించి చెప్పారు. ఆ మాటల్లో అభిమానం ఉంది, నొప్పి ఉంది. సుందరయ్య పుస్తకం చదివి ఇది చదవనివాళ్లకు తెలంగాణ పోరాటం సగమే తెలిసినట్టు.

విశాలాంధ్ర మాటకొస్తే, 1946లోనే ఆయన 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాశారు. నిజాం పాలనలోని తెలుగు జిల్లాలు, మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలవాలన్నది అందులోని మాట. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు శీర్షికలోని రెండో సగాన్ని మర్చిపోయారు. ఆయన ఊహించింది భూమి పంచిన రాష్ట్రం, నదుల నీళ్లు మెట్ట ప్రాంతాలకూ చేరే రాష్ట్రం. 1956 నవంబరు 1న వచ్చింది ఆ రాష్ట్రం కాదు. భూమి ఉన్నవాళ్ల చేతిలోనే ఉన్న రెండు ప్రాంతాలను కలిపిన రాష్ట్రం. 1969లో తెలంగాణ భగ్గుమంది, 1972లో జై ఆంధ్ర లేచింది. ఆయన పార్టీ రెండింటినీ వ్యతిరేకించింది, 2014లో విభజన రోజున కూడా సమైక్యం వైపే నిలబడింది. ఇందులో ఆయన వారసులు చేసిన పొరపాటు ఉందని నేనంటాను. ప్రజారాజ్యం రాని చోట విశాలాంధ్ర మాత్రం నిలవాలని పట్టుబట్టడం, ఆయన వాదనలో సగాన్ని తీసేసి మిగతా సగాన్ని కాపాడటమే. 1946 నాటి పుస్తకం మీద పడే అసలు విమర్శ ఇంకొకటి ఉంది. భాష ఒకటైతే ప్రాంతాల మధ్య ఉద్యోగాల, నిధుల, చదువుల తేడాలు వాటంతటవే సర్దుకుంటాయన్న నమ్మకం అందులో ఎక్కువ. ఆ నమ్మకం నిలవలేదు.

చట్టసభల్లో ఆయన పని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు బృందానికి నాయకుడు, తర్వాత గన్నవరం ఎమ్మెల్యే. అయితే 1955 ఎన్నికల దెబ్బ మాత్రం చెప్పాలి. 1952లో ఆంధ్ర జిల్లాల్లో 41 సీట్లు గెలిచి, అధికారం అందినట్టే అనుకున్న పార్టీకి 1955లో 196 సీట్ల అసెంబ్లీలో 15 వచ్చాయి. ఓట్లు దాదాపు 31 శాతం. కాంగ్రెస్ మిగతావాళ్లందరినీ ఒక్కటి చేసింది, డెల్టా ఆసాములు కలిసికట్టుగా నిలబడ్డారు. దక్షిణాదిలో తొలి కమ్యూనిస్టు ప్రభుత్వం ఆంధ్రలో వస్తుందనుకుంటే 1957లో కేరళలో వచ్చింది. తెలుగు కమ్యూనిస్టు ఉద్యమం ఆ ఓటమి నుంచి మళ్లీ పూర్తిగా లేవలేదు.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు సుందరయ్య కొత్త పార్టీ సీపీఎంకు ప్రధాన కార్యదర్శి అయ్యారు. పదేళ్లకు పైగా ఆ పదవిలో ఉన్నారు. ఆ కాలంలో అతిపెద్ద గాయం సొంత రాష్ట్రంలోనే తగిలింది. నక్సల్బరీ తర్వాత 1968లో తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి, కొల్లా వెంకయ్య వెళ్లిపోయారు. వాళ్లతో పాటు ఆంధ్ర శాఖలో పెద్ద భాగం పోయింది. తెలంగాణలో తనతో కలిసి పనిచేసినవాళ్లే తనను రివిజనిస్టు అన్నారు. ఆయన వాళ్ల తొందరపాటును ఖండించారు, సాయుధ పోరాటాన్ని సూత్రంగా వదిలిపెట్టలేదు. ఈ ద్వంద్వం ఆయనలో చివరిదాకా ఉంది. దాన్ని కొందరు ఊగిసలాట అంటారు. నాకది ఊగిసలాటగా కనిపించదు. 1948 నుంచి 1951 దాకా చచ్చిపోయినవాళ్ల లెక్క తెలిసిన మనిషి, పోరాటాన్ని వద్దనలేడు, ఆ నష్టాన్ని మళ్లీ తేలికగా పిలవలేడు.

ఈ మనిషిని అర్థం చేసుకోవడానికి నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైన కాగితం 1975 ఆగస్టులో రాసిన రాజీనామా లేఖ. అప్పటికి ఎమర్జెన్సీ పెట్టి రెండు నెలలు. ఎమర్జెన్సీని ఆయన పార్టీ గట్టిగా వ్యతిరేకించింది. ఆ వ్యతిరేకతలో జనసంఘ్‌తో, దాని వెనుక ఉన్న ఆరెస్సెస్‌తో కలిసి నడవడానికి నాయకత్వంలో మెజారిటీ సిద్ధపడటం ఆయనకు మింగుడు పడలేదు. పార్టీ తాను రాసుకున్న కార్యక్రమానికి తగ్గట్టు కూలీల్లో, పేదరైతుల్లో సంఘాలు కట్టడం లేదనీ, రివిజనిజపు అలవాట్లు పాతుకుపోయాయనీ అందులో ఉంది. ప్రధాన కార్యదర్శి పదవికీ, పొలిట్‌బ్యూరోకూ రాజీనామా ఇచ్చారు. బయట మీడియా ముందు మాట్లాడలేదు, పార్టీ వదల్లేదు, ఇంకో పార్టీ పెట్టలేదు. ఆంధ్రప్రదేశ్ వచ్చి రాష్ట్ర శాఖలో పనిచేసుకున్నారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో అరవై నాలుగేళ్ల వయసులో సహాయక పనుల్లో తిరిగారు. ఆ లేఖ ప్రజల ముందుకు వచ్చింది 1991లో, ఆయన పోయిన ఆరేళ్లకు.

ఆ మౌనాన్ని పార్టీ క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. నేను ఆ మెచ్చుకోలుతో ఏకీభవించను. మతతత్వ శక్తులతో చేతులు కలపడం ప్రమాదమని దేశంలోని ఒక పెద్ద వామపక్ష పార్టీ అధినేత 1975లో తన పదవి వదులుకుని చెప్పాడంటే, ఆ చర్చ కార్యకర్తలకు అప్పుడే తెలియాలి. లోపలే ఉంచడం వల్ల ఆ ప్రశ్న మళ్లీ 1989లో, వి.పి. సింగ్ ప్రభుత్వానికి బీజేపీ, వామపక్షాలు రెండూ మద్దతిచ్చినప్పుడు, మరింత కష్టమైన రూపంలో వచ్చింది. సుందరయ్య నిజాయితీని తగ్గించే మాట కాదిది. ఆయన నమ్మిన పార్టీ నిర్మాణం ఆయన మాటనే మూసేసిందన్న విచారం.

ఆయన వదిలి వెళ్లినవి ఇప్పుడు ఎక్కడున్నాయి? హైదరాబాద్‌లో ఆయన పేరిట సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. 2000 ఆగస్టు వరదల్లో అక్కడి ఉర్దూ పుస్తకాల అపురూప సేకరణ బాగా దెబ్బతింది. తడిసిన పుస్తకాలను ఒక్కొక్కటిగా ఆరబెట్టి దక్కించుకున్న పని తెలుగువాళ్లు గర్వించాల్సినది. నెల్లూరులో ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి పేరుతో ప్రజావైద్యశాల నడుస్తోంది. పేదవాడికి తక్కువ ఖర్చుతో వైద్యం చేసే అన్నదమ్ముల ఆలోచన అక్కడ బతికే ఉంది. ఎన్నికల రాజకీయం మాత్రం కరిగిపోయింది. 2014 నుంచి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో, 2018 నుంచి తెలంగాణ అసెంబ్లీలో సీపీఎం సభ్యుడు లేడు.

భూమి ప్రశ్న కరిగిపోలేదు. రూపం మార్చుకుంది. 1973 భూపరిమితి చట్టం కాగితాల మీద ఉండిపోయింది. ఈరోజు డెల్టాలో, తెలంగాణలో పొలం దున్నేవాళ్లలో చాలామంది కౌలుదార్లు. 2011లో ఆంధ్రప్రదేశ్ కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం తెచ్చింది, 2019లో ఇంకో చట్టం తెచ్చింది. కౌలురైతుకు బ్యాంకు అప్పు దొరకడం ఇప్పటికీ గగనమే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు ఖాతాలోకి వెళ్లింది, కౌలుదారు చేతికి రాలేదు. పురుగుమందు తాగి చనిపోయే రైతుల్లో కౌలుదార్లు ఎక్కువగా కనిపిస్తున్నారంటే కారణం వెతకాల్సిన పనిలేదు. ఎకరం ఎవరి పేరున ఉంది, దున్నేది ఎవరు అన్న ప్రశ్నను 1946లో తెలంగాణలోనూ, అంతకు ముందే అలగానిపాడులోనూ సుందరయ్య వేశారు. ఇన్నేళ్లలో పార్టీల పేర్లు మారాయి, జవాబు మాత్రం రాలేదు.

సుందరయ్య మీద ఆసక్తి ఉన్న యువకులకు ఒక మనవి. సైకిల్ కథలు చాలు. 1972 పుస్తకాన్నీ, 'మనకు తెలియని మన చరిత్ర'నూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఆ తర్వాత 1975 రాజీనామా లేఖ చదవండి. ఆయనతో ఎక్కడ ఏకీభవిస్తారో, ఎక్కడ విభేదిస్తారో మీరే రాసుకోండి. విభేదించినా ఫరవాలేదు. ఆ లేఖ రాసిన మనిషి కూడా తన పార్టీతో విభేదించి, ఆ విభేదాన్ని కాగితం మీద పెట్టినవాడే.